డ్యూక్ గారి పెరట్లో మా జీ నైన్

అమ్మ, నాయన మాంచెస్టర్ వచ్చి మూడు వారాలైంది. ఎన్ని మాల్స్ తిప్పినా నాయన ముఖంలో కళ లేదు. అందుకే పోయిన సోమవారం లీవు పెట్టి ముగ్గురికీ ఒక్కరోజు బస్సు టూర్ బుక్ చేశాను. పొద్దున డెర్బీషైర్‌లో చాట్స్‌వర్త్ హౌస్, మధ్యాహ్నం బేక్‌వెల్ అనే సంత ఊరు. గైడ్ పెద్దాయన ఎక్కినప్పటి నుంచి మైకు వదల్లేదు, ఆయన చెప్పిందల్లా నేను తెలుగులో మళ్ళీ చెప్పాలి, అంటే ఆ రోజు డ్యూటీ అసలు నాదే.

హౌస్ అంటారు గానీ చూస్తే రాజభవనమే. 1549లో సర్ విలియం కావెండిష్, ఆయన భార్య బెస్ ఆఫ్ హార్డ్‌విక్ ఆ ఎస్టేట్ కొన్నారు. ఇప్పుడు కనిపించే భవనం చాలావరకు 1687లో మొదలుపెట్టి కట్టింది, కట్టించిన ఆ కావెండిష్ వంశం వాడే తర్వాత మొదటి డ్యూక్ ఆఫ్ డెవన్‌షైర్ అయ్యాడు, డ్యూక్ అంటే అక్కడ రాజు తర్వాత పెద్ద బిరుదు. లోపలికి అడుగు పెట్టగానే గోడల మీదా కప్పు మీదా జూలియస్ సీజర్ కథంతా బొమ్మలే. అమ్మ మెడ పట్టేసేదాకా చూసి, "ఇన్ని గదులు ఎవరు ఊడుస్తారే?" అంది. ఒక గదిలో తలుపుకు వయొలిన్ వేలాడుతోంది. దగ్గరికెళ్తే అది వయొలిన్ కాదు, రంగులతో వేసిన బొమ్మ! అమ్మ నమ్మక మళ్ళీ వెనక్కి పోయి చూసొచ్చింది.

నాయన మాత్రం పన్నుల దగ్గర చెవులు నిక్కబొడుచుకున్నాడు. 1950లో పదో డ్యూక్ చనిపోతే ఆస్తి మీద 80 శాతం పన్ను పడిందట. పొలాలు, పెయింటింగులు అమ్మి, హార్డ్‌విక్ హాల్ అనే ఇంకో పెద్ద ఇంటినే ప్రభుత్వానికి ఇచ్చేసి, ఆ బాకీ తీర్చేసరికి 1974 అయింది. "సచ్చినాక కూడా శిస్తు కట్టల్లా?" అని నాయన మధ్యాహ్నం దాకా అదే మాట.

తోటలో పెద్ద ఫౌంటెన్ ఉంది. రష్యా జార్ వస్తాడని 1844లో కట్టారు, ఆయన రానేలేదు. మోటారు లేదు, కొండ మీది చెరువు నుంచి వచ్చే నీటి ఒత్తిడికే అంతెత్తు లేస్తుంది. దాన్ని చేసింది జోసెఫ్ పాక్స్‌టన్, ఒక రైతు కొడుకు, ఇరవై మూడేళ్ళకే ఇక్కడ హెడ్ గార్డెనర్. తర్వాత లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్ అనే పెద్ద గాజు భవనం డిజైన్ చేసిందీ ఆయనే. ఇంత చెప్పి గైడ్, అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు, "మీరు షాపులో కొనే అరటిపండుకు కావెండిష్ అని పేరు ఈ కుటుంబం వల్లే" అనేసి నడిచి వెళ్ళిపోతున్నాడు.

నేను తెలుగులో చెప్పగానే నాయన ఆగిపోయాడు. పులివెందుల దగ్గర మాకు నాలుగెకరాల అరటి. వేసేది జీ నైన్ రకం, అది కావెండిష్ జాతే.

"మన జీ నైన్‌కు పేరు పెట్టినోళ్ళ ఇల్లా పాపా ఇది? ముందే చెప్పకుండా గదులన్నీ తిప్పినావే!"

ఇంక గైడ్‌ని వదల్లేదు. మారిషస్ నుంచి వచ్చిన మొక్కను పాక్స్‌టన్ గాజు ఇంట్లో వెచ్చగా పెంచాడట, 1835లో పువ్వేసి, తర్వాతి ఏడాదికి వందకు పైగా కాయలు కాసిందట. "వందేనా? మా ఊర్లో దాన్ని గెల అనరు" అన్నాడు నాయన. అది మాత్రం నేను ఇంగ్లిష్‌లోకి మార్చలేదు. తర్వాత తెగులు వచ్చి అప్పట్లో ఎగుమతయ్యే గ్రో మిషెల్ రకం తోటలు పోతే, ఆ తెగులును తట్టుకున్న కావెండిష్ ప్రపంచమంతా పాకింది. ఇప్పుడు దీనికీ కొత్త రకం తెగులు వస్తోందని నాయనకు నాకంటే బాగా తెలుసు. ఆ చెట్లు ఇప్పటికీ ఇక్కడి గాజు ఇంట్లో ఉన్నాయి. చూద్దామంటే బస్సు టైమ్ అయిపోయింది, నాయన అలిగి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

బేక్‌వెల్‌లో అలక తీరింది. సోమవారం అక్కడ సంత, పశువుల వేలం కూడా. పాట పాడే మనిషి ఊపిరి తీసుకోకుండా ధర పెంచుకుంటూ పోతుంటే, ఒక్క ముక్క అర్థం కాకపోయినా నాయన గొర్రెలను చూసి ధర అంచనా వేస్తున్నాడు. "మన సంతలో తువ్వాలు కింద ఏళ్ళు పట్టుకుని బేరమాడతాం, వీళ్ళు ఊరంతా ఇనేటట్టు అరుస్తాండారే!" అన్నాడు. వై నది మీది పాత రాతి వంతెన, బాతులు, అవన్నీ అమ్మా నేనూ చూసొచ్చాం.

బేక్‌వెల్ పుడింగ్ తినకుండా ఎలా వస్తాం? పొరలు పొరల పిండి, లోపల జామ్, పైన గుడ్డూ బాదమూ. (చెర్రీ పెట్టి అమ్మే బేక్‌వెల్ టార్ట్ వేరే, అక్కడి వాళ్ళ ముందు రెండూ ఒకటే అనకండి.) అమ్మా నేనూ వేడివేడిగా తిన్నాం. సోమవారం కదా, శివుడి వారం, నాయన గుడ్డు ముట్టడు. ఆయనది పార్సిల్ కట్టించాం.

మంగళవారం పొద్దున ఆరింటికే వంటింట్లో ఆ డబ్బా తెరిచిన చప్పుడు.