మా ఫ్రెండ్‌కి ఒక డౌటు

అమెరికాలో ఎమ్మెస్ చేసిన రెండేళ్ళలో ఏడాదిన్నర నేను మా యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు ఫ్రంట్ డెస్క్‌లో పనిచేశాను. వారానికి ఇరవై గంటలు, అంతకు ఒక్క నిమిషం ఎక్కువ కాదు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్ళు సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో అంతకుమించి పనిచేయకూడదు. ఆ రూలు అందరికీ చెప్పే ఆఫీసే దాన్ని దాటితే పరువు పోతుందని మా సూపర్‌వైజర్ గడియారం చూసి మరీ నన్ను కుర్చీలోంచి లేపేసేది.

అందులో చేరకముందు ఆ ఆఫీసు వైపు నడవాలంటేనే నాకు గుండె దడ. ఐ-20, అంటే విద్యార్థి వీసాకి ఆధారమైన కాగితం, ఇచ్చేది వాళ్ళే, పీకేసేదీ వాళ్ళే అని మా రూమ్మేట్ల థియరీ. మొదటి సెమిస్టర్ అల్గారిథమ్స్ మిడ్‌టర్మ్‌లో నాకు వందకి 31 వచ్చాయి. ఆదివారం రాత్రి అపార్ట్‌మెంట్‌లో పంచాయితీ కూర్చుంది. "డ్రాప్ కొట్టెయ్. మార్కుల చోట డబ్ల్యూ, అంటే విత్‌డ్రా అని పడుతుంది, జీపీఏకి దెబ్బ ఉండదు" అని మా సీనియర్ తేల్చేశాడు. జీపీఏ వరకు ఆయన చెప్పింది నిజమే. కాకపోతే నేను తీసుకున్నవి తొమ్మిది క్రెడిట్లు, మా దగ్గర మాస్టర్స్‌కి ఫుల్‌టైమ్ అంటే సరిగ్గా తొమ్మిదే. ఒక కోర్సు వదిలితే ఆరు. ఎఫ్-1 వాళ్ళు అనుమతి లేకుండా ఫుల్‌టైమ్‌కి తగ్గకూడదు. అంత పంచాయితీలో ఈ తీసివేత ఎవరికీ తట్టలేదు. పోర్టల్‌లో బటన్ నొక్కితే ఎర్ర అక్షరాలు వచ్చాయి, ఇంటర్నేషనల్ విద్యార్థులు ముందు అడ్వైజర్‌ని కలవాలి అని. ఆ హోల్డ్ ఎవరు పెట్టించారో గానీ వాళ్ళకో దండం.

పొద్దున్నే వెళ్ళాను. అడ్వైజర్, అంటే డీఎస్ఓ, సెవిస్ అనే ప్రభుత్వ డేటాబేస్‌లో మన రికార్డు మార్చే అధికారం ఉన్న మనిషి. నా మార్కులు చూసి ఏమీ అనలేదు, క్లాసులో ఏం కష్టంగా ఉందని అడిగింది. ప్రొఫెసర్ బోర్డు మీద రాయడు, నోట్సు ఇవ్వడు, క్లాసులో చెప్పనిది పరీక్షలో అడుగుతాడు అని నా గోడంతా వెళ్ళబోసుకున్నాను. ఆవిడ ఒక ఫారం నా వైపు తిప్పి ఒక గడి చూపించింది. అమెరికన్ బోధనా పద్ధతులు అలవాటు లేకపోవడం. ఫెడరల్ నిబంధనల్లో నిజంగానే ఉన్న కారణం అది! నా ఏడుపుకి అమెరికా ప్రభుత్వం ముందే పేరు పెట్టి ఉంచింది. ఇంగ్లీషుతో మొదట్లో పడే ఇబ్బంది, తగని స్థాయి కోర్సులో పడటం కూడా ఆ వరసలోనే ఉన్నాయి. ఈ వెసులుబాటు ఒక డిగ్రీకి ఒక్కసారే, ఆరు క్రెడిట్లకు తగ్గకూడదు, తర్వాతి సెమిస్టర్‌కి మళ్ళీ ఫుల్‌టైమ్. అనుమతి ముందు, డ్రాప్ తర్వాత. ఆదివారం రాత్రి ఆ బటన్ పనిచేసి ఉంటే అదే కోర్సుకి, అదే కారణానికి నా స్టేటస్, అంటే విద్యార్థిగా అక్కడ ఉండే హక్కు, పోయేది. ఆ ముక్క 21 రోజుల్లోగా సెవిస్‌లోకి ఎక్కించాల్సింది కూడా ఆవిడే.

ఈ ఆఫీసులతో చిక్కు ఇదే. సాయం చేసేదీ, రిపోర్టు పెట్టేదీ ఒకే మనిషి. ఓరియంటేషన్ రోజు బెలూన్లు కట్టి "మేమున్నది మీకోసమే" అంటే సగమే నిజం. డెస్క్ వెనక కూర్చున్నాక నాకు కనిపించింది వేరే. తప్పు జరగకముందు వచ్చినవాళ్ళకి డీఎస్ఓ దగ్గర బోలెడు దారులుంటాయి. జరిగాక వస్తే ఒకటో రెండో. మనవాళ్ళు ముందు వాట్సాప్ గ్రూపు, ఆపైన సీనియర్, ఆపైన సీనియర్‌కి సీనియర్, అందరూ అయిపోయాక మా దగ్గరికి.

వచ్చేది నలుగురు, మాట్లాడేది ఒకడు. నా బ్యాడ్జి మీద పేరు చూసి గొంతు తగ్గిస్తాడు. "అక్కా, మా ఫ్రెండ్‌కి ఒక డౌటు." ఆ ఫ్రెండ్ ఇల్లు మారి రెండు నెలలవుతుంది, పది రోజుల్లో చెప్పాల్సిన అడ్రసు చెప్పలేదు. ఆ ఫ్రెండ్‌కి గ్యాస్ స్టేషన్‌లో పని దొరికింది, క్యాష్ ఇస్తారట. నేనైతే ఈ ఫ్రెండ్ పద్ధతిని వెక్కిరించను. చెయ్యొచ్చా అని అడిగితే జవాబు చెప్తారు, చేసేశాను అంటే కంప్యూటర్ వైపు తిరుగుతారు. గ్యాస్ స్టేషన్‌కి మాత్రం నా జవాబు ఒక్కటే: వద్దు. అప్పటికే చేసేసినవాడికి లాయర్ల చిరునామాల కాగితం ఇచ్చేదాన్ని. చెప్పింది కడుపులో దాచుకోవాల్సిన బాధ్యత లాయరుకుంది, డీఎస్ఓకి లేదు.

ఒకబ్బాయి ఓపీటీ, అంటే చదువయ్యాక కొన్నాళ్ళు ఉద్యోగం చేసుకునే అనుమతి, దాని కాగితాలతో వచ్చాడు. డీఎస్ఓ సెవిస్‌లో సిఫారసు పెట్టిన రోజు నుంచి 30 రోజుల్లోగా దరఖాస్తు ప్రభుత్వానికి చేరాలి. అతను వచ్చింది 33వ రోజు, ఇంకా పంపలేదు. కోర్సు ముగిసిన తర్వాత కూడా 60 రోజుల వరకు గడువుంటుందని ఎవరో చెబితే ఆ ధీమాలో ఉన్నాడు. ఆ గడువు కూడా నిజమే, రెండూ దాటకూడదన్నదే అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ 60 రోజులు ఇంకా మిగిలి ఉండబట్టి మా అడ్వైజర్ పాత సిఫారసు తీసేసి కొత్తది పెట్టింది. ఒక్క రోజు ముందు ఆ పాత కాగితంతోనే పంపేసి ఉంటే తిరస్కారం వచ్చాక గానీ తెలిసేది కాదు.

అన్నిటికంటే ఎక్కువ గుర్తున్నది ఒక ఫోన్. ఫోన్‌లో నా ఇంగ్లీషు రెండు వాక్యాలు విని అవతలి పెద్దాయన తెలుగులోకి వచ్చేశారు. "అమ్మా, నువ్వు మన అమ్మాయివేనా? మావాడు తొమ్మిది రోజులుగా ఫోన్ ఎత్తట్లేదు. కాలేజీకి వస్తున్నాడా, అదొక్కటి చెప్పు తల్లీ." ఇక్కడ 1974 నాటి ఫెర్పా అని ఒక చట్టం ఉంది. కాలేజీలో చేరాక చదువు వివరాల మీద హక్కు పిల్లలదే, ఫీజు కట్టే తండ్రి అడిగినా వాళ్ళ అనుమతి లేకుండా చెప్పకూడదు. అసలు ఆ పేరుతో విద్యార్థి ఉన్నాడని కూడా మేం ఒప్పుకోకూడదని మా ఆఫీసు పద్ధతి. "అంకుల్, నేను ఏమీ చెప్పలేను, మీరు చెప్పింది మాత్రం రాసుకుంటాను" అని తెలుగులోనే అన్నాను. ఇంగ్లీషులో అయితే ఆ మాట ఇంత బరువుండేది కాదు. ఆయన కోప్పడలేదు, సరేనమ్మా అన్నారు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

ఫోన్ పెట్టేసి అడ్వైజర్‌కి చెప్పాను. ఆవిడ ఆ అబ్బాయికి రెండు వాక్యాల మెయిల్ పెట్టి, జవాబు రాకపోతే సాయంత్రానికి డీన్ ఆఫీసు వాళ్ళని మనిషిని చూసి రమ్మంటానంది. చట్టం మన నోటికి తాళం వేసింది, చేతులకి కాదు. అబ్బాయి మూడింటికి తనే వచ్చాడు. గడ్డం, ఎండాకాలం చెప్పులు, బయట మంచు. క్లాసులు మానేసి మూడు వారాలైంది. కౌన్సెలింగ్‌కి వెళ్తే వీసా రికార్డులో పడుతుందని ఎవరో చెప్పారట, అందుకే వెళ్ళలేదు.

ఈ అబద్ధం ఎక్కడ పుట్టిందో గానీ నేను దాన్ని వారానికోసారి విన్నాను. కౌన్సెలర్ గదిలో చెప్పింది డీఎస్ఓకి రాదు, సెవిస్‌కి అసలే పోదు. పైపెచ్చు, అనారోగ్యం కారణంగా క్రెడిట్లు తగ్గించుకోవాలంటే డాక్టరో లైసెన్సున్న క్లినికల్ సైకాలజిస్టో సిఫారసు రాయాలి. అది ఉంటే ఒక డిగ్రీలో మొత్తం 12 నెలల దాకా తగ్గించుకోవచ్చు, అవసరమైతే పూర్తిగా ఆపుకోవచ్చు కూడా. వీసా పోతుందని ఏ తలుపు తట్టలేదో, వీసా నిలబెట్టే కాగితం ఆ తలుపు వెనకే ఉంది. ఆ అబ్బాయి మా లాబీ సోఫాలో కూర్చునే ఇంటికి ఫోన్ చేశాడు. నేను ప్రింటర్‌లో కాగితాలు సర్దుతున్నట్టు నటించాను.

పన్నుల సీజన్ గురించి ఇంకో పోస్టు రాస్తాను. ఒక్క ముక్క మాత్రం ఇప్పుడే: జీతం లేకపోయినా అక్కడి పన్నుల శాఖకి ఫారం 8843 పంపాలి. జీతం ఉంటే, భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ ఆర్టికల్ వల్ల మన విద్యార్థులు స్టాండర్డ్ డిడక్షన్, అంటే ఆదాయంలో పన్ను పడని ఒక స్థిరమైన మినహాయింపు, తీసుకోవచ్చు. నాన్ రెసిడెంట్లుగా రిటర్ను వేసే మిగతా దేశాల పిల్లల్లో చాలామందికి ఆ అవకాశం లేదు. మొదటి ఏడాది నేను వదిలేసుకున్నాను, తర్వాత రిటర్ను సవరించుకున్నాను.

నా ఆఖరి వారంలో ఒకమ్మాయి ఒంటరిగా వచ్చింది. బ్యాడ్జి చూసింది, చుట్టూ చూసింది.

"అక్కా, మా ఫ్రెండ్‌కి ఒక డౌటు. తను ఒక కోర్సు డ్రాప్ చేద్దామనుకుంటోంది."

"అనుకుంటోందా, చేసేసిందా?"

"లేదక్కా, ఇంకా చెయ్యలేదు."

"మిడ్‌టర్మ్‌లో ఎంతొచ్చింది తనకి?"

"నలభై... నలభై రెండు నాకు."

"రా, లోపల ఖాళీగానే ఉన్నారు" అన్నాను.