మేనల్లుడి కంప్యూటర్: రెండు కొటేషన్లు, ఒక యూపీఎస్

2024 జూన్‌లో మా అక్క కొడుకు ఇంజనీరింగ్‌లో చేరబోతున్నప్పుడు, చదువుకూ ఆటలకూ పనికివచ్చే కంప్యూటర్ ఒకటి విడిభాగాలు కొని కూర్పించే బాధ్యత నా మీద పడింది. బావగారు పెట్టిన పరిమితి 85,000 రూపాయలు. మానిటర్, కీబోర్డు, మౌస్, యూపీఎస్ ఇంట్లో ఉన్నవే వాడుకోవాలి. నేనొక జాబితా రాశాను. అదే పరిమితి చెప్పి, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అంటే మనమందరం సీటీసీ అని పిలుచుకునే చోట, ఒక దుకాణంలో ఇంకొక కొటేషన్ రాయించుకున్నాము. రెండింటిలో ఒకటి నేను రాసినదే కనుక ఈ విషయంలో నేను నిష్పక్షపాతినని చెప్పుకోను. మా వాడు మాత్రం చూసీ చూడగానే దుకాణం కాగితం వైపే మొగ్గాడు.

నా జాబితాలో రైజెన్ 5 7600 ప్రాసెసర్, బీ650 మదర్‌బోర్డు, 16 జీబీ చొప్పున రెండు డీడీఆర్5 ర్యామ్‌లు, 8 జీబీ ఆర్టీఎక్స్ 4060 గ్రాఫిక్ కార్డు ఉన్నాయి. దుకాణం వారి కాగితంలో రైజెన్ 5 5500, బీ550 బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, 12 జీబీ ఆర్ఎక్స్ 7700 ఎక్స్‌టీ కార్డు ఉన్నాయి. ఒక టీబీ ఎస్ఎస్‌డీ, భాగాలన్నింటికీ కరెంటు అందించే ఎస్ఎంపీఎస్, కేబినెట్ రెండింటిలోనూ ఉన్నవే. డబ్బు ఎక్కడికి వెళ్తోందో చూస్తే అసలు తేడా తెలుస్తుంది. నా జాబితాలో ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడింటికీ కలిపి సుమారు 40 వేలు, కార్డుకు 28,500. వారి జాబితాలో ఆ మూడింటికీ 21 వేలు, ఒక్క కార్డుకే 42 వేలు. మొత్తం మీద వారిది మూడున్నర వేలు తక్కువ కూడాను.

"మామయ్యా, తెర మీద బొమ్మ గీసేది కార్డే కదా, దానికే ఎక్కువ పెడితే తప్పేముంది?" అన్నాడు మా వాడు. తప్పేమీ లేదు, అతడు ఆడే ఆటలు వేరైతే. ఆటలో ప్రతి ఫ్రేముకూ, అంటే తెర మీద మారే ఒక్కో బొమ్మకూ, ముందుగా ప్రాసెసర్ ఎవరు ఎక్కడ ఉన్నారు, తూటా ఎటు పోయింది, ఏ వస్తువు కనబడాలి అనే లెక్కలు కట్టి కార్డుకు ఆదేశాలు పంపుతుంది. కార్డు ఆ ఆదేశాల ప్రకారం బొమ్మ గీస్తుంది. ఇద్దరిలో ఆలస్యం ఎవరిదైతే ఆట వేగం వారిదే. పెద్ద పెద్ద కథల ఆటల్లో బొమ్మ బరువు కనుక ప్రాసెసర్ తన పని ముగించి కార్డు కోసం కాచుకుని కూర్చుంటుంది. వాలరెంట్ వంటి పోటీ ఆటల్లో బొమ్మ తేలిక, లెక్కలు ఎక్కువ. అక్కడ కార్డు ఖాళీగా ఉండి ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తుంది. మా వాడు రోజూ రాత్రి స్నేహితులతో ఆడేది వాలరెంట్. సెలవుల్లో ఎప్పుడైనా కథల ఆట. వాడి మానిటర్ 24 అంగుళాలది, 1920 అడ్డం 1080 నిలువు చుక్కలు, 144 హెర్ట్జ్, అంటే సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చగలదు. ఆ వేగాన్ని పూర్తిగా వాడుకోవాలంటే ఒక్కో ఫ్రేము ఏడు మిల్లీసెకన్లలోపే తయారు కావాలి.

ఇక్కడే దుకాణం కాగితంలో నాకు నచ్చని అంకె ఒకటి కనబడింది. 5500, 5600 అనే రెండు పేర్లు పక్కపక్కనే ఉంటాయి. రెండూ 2022 ఏప్రిల్‌లో వచ్చినవే, రెండింటిలోనూ లెక్కలు కట్టే కోర్లు ఆరే. పేరులో వంద తేడా అంటే ఏదో కొద్దిపాటి వేగం తేడా అనుకుంటాము. కానీ 5600లో ఎల్3 క్యాష్ మెమరీ 32 ఎంబీ ఉంటే 5500లో 16 ఎంబీ మాత్రమే ఉంటుంది. పైగా కార్డుతో మాట్లాడే పీసీఐఈ దారిలో 5500 పాత 3.0 వరకే పలుకుతుంది. ప్రాసెసర్ తన లెక్కలకు కావలసిన సమాచారాన్ని ర్యామ్ దాకా వెళ్ళకుండా చేతికందే చోట పెట్టుకునేది ఆ క్యాష్‌లోనే కనుక, అది సగమైతే దెబ్బ తగిలేది సరిగ్గా వాలరెంట్ వంటి ఆటలకే. ఆ మాట చెబితే దుకాణదారు వెంటనే 5600 వేసి ఇస్తానన్నారు. ఆయన నన్ను మోసగించబోయారని నేను అనుకోవడం లేదు. పరిమితి లోపల పెద్ద కార్డు ఇరికించాలంటే ఎక్కడో ఒకచోట కోత పెట్టక తప్పదు, ఆయన పెట్టిన చోటు మా వాడి ఆటకు సరిపడలేదు, అంతే.

5600 వేసినా నా సందేహం పూర్తిగా తీరలేదు. దానికి నా సొంత అనుభవమే కారణం. 2018 చివరలో నేను రైజెన్ 5 2600, బీ450 బోర్డు కొన్నాను. నాలుగేళ్ళ తరువాత బోర్డు, ర్యామ్ కదపకుండా బయోస్ (బోర్డును నడిపించే సాఫ్ట్‌వేర్) మార్చి, ప్రాసెసర్ కూర్చునే అదే సాకెట్‌లో 5600 పెట్టుకున్నాను. ప్రాసెసర్ ఖర్చు తప్ప మరొక రూపాయి పెట్టలేదు. ఆ ఏఎమ్4 సాకెట్ చేసినంత మేలు నాకు మరే భాగమూ చేయలేదు. దుకాణం కాగితంలో ఉన్నదీ అదే సాకెట్. అయితే 2024లో దాన్ని కొత్తగా కొనడమంటే చివరి మజిలీలో బండి ఎక్కడమే. ఆ ఏడు జనవరిలో కూడా రైజెన్‌లు తయారు చేసే ఏఎమ్‌డీ ఆ సాకెట్‌కు 5700 ఎక్స్3డీ అనే మంచి ప్రాసెసర్ విడుదల చేసిన మాట నిజమే, కనుక దారి పూర్తిగా మూసుకుపోలేదు. కానీ అది దాటితే బోర్డు, ర్యామ్, ప్రాసెసర్ మూడూ మార్చాలి, ఎందుకంటే డీడీఆర్4 ర్యామ్ కొత్త ఏఎమ్5 సాకెట్ ఉన్న బోర్డుల్లో పట్టదు. నా జాబితాలోని బీ650 అటువంటి బోర్డే. ఏఎమ్5కు 2027 వరకూ, ఆ తరువాత కూడా మద్దతు ఉంటుందని ఏఎమ్‌డీ ఆ జూన్‌లోనే ప్రకటించింది. నాలుగేళ్ళ చదువు ముగిసేనాటికి మా వాడు ఒక్క ప్రాసెసర్ మార్చుకుంటే సరిపోయే అవకాశం అందులో ఉంది.

మరొక చిన్న సంగతి, చిన్నదే కానీ విద్యార్థికి పెద్దది. 7600లో సొంత గ్రాఫిక్స్ ఉంది. అది ఆటలకు చాలదు, కానీ తెర వెలగడానికి చాలు. 5500కూ 5600కూ అదీ లేదు. ఒకసారి నా కార్డు పాడై వారంటీకి పంపితే తిరిగి రావడానికి మూడు వారాలు పట్టింది. అన్నాళ్ళూ మిగతా కంప్యూటర్ అంతా బాగుండి కూడా బల్ల మీద పెట్టెలా పడి ఉంది. పరీక్షల ముందు అటువంటిది జరిగితే ఆటలు పోతే పోయాయి, ప్రాజెక్టు రికార్డు రాసుకోవడానికైనా తెర వెలగాలి కదా.

ఇన్ని చెప్పినా మా వాడు దుకాణం కార్డులోని 12 జీబీ మెమరీ మాట వదలలేదు. అందులో న్యాయం ఉంది. 2023 నుంచి వచ్చిన కొన్ని పెద్ద ఆటల్లో టెక్స్‌చర్లు, అంటే వస్తువుల పైపూత బొమ్మలు, పూర్తి స్థాయిలో పెడితే 8 జీబీ కార్డు తడబడుతుంది, స్థాయి ఒక మెట్టు దించుకోవాలి. 2560 అడ్డం 1440 నిలువు మానిటర్ ఉండి ఉంటే నేనే ఓడిపోయేవాడిని. అక్కడ గీయవలసిన చుక్కలు 1.78 రెట్లవుతాయి, 7700 ఎక్స్‌టీ ముందు 4060 నిలబడదు. ఆ వాదన దాదాపు అక్కడికే వచ్చి ఆగిన సమయంలో బావగారు ఖమ్మం నుంచి ఫోనులో, "పాత యూపీఎస్ దీన్ని మోస్తుందా?" అని ఒక్క ప్రశ్న వేశారు. నిజం చెప్పాలంటే అంతవరకూ ఆ ఆలోచన మా ఇద్దరికీ రాలేదు. మేము చూసిన వీడియోలన్నీ కరెంటు పోని దేశాలవి.

వాళ్ళ ఇంట్లో ఉన్నది 600 వీఏ యూపీఎస్. వీఏ అంటే వాట్లు కాదు. దాని వెనుక చీటీ మీద 360 వాట్లు అని ఉంది. కాగితం మీద లెక్క వేశాము. నా జాబితాలో కార్డు 115 వాట్లు, ప్రాసెసర్ గరిష్ఠంగా 88, బోర్డూ ఫ్యాన్లూ ఎస్ఎస్‌డీ వగైరాలకు 60 అనుకుంటే మొత్తం 263. ఎస్ఎంపీఎస్ సామర్థ్యం నూటికి 85 పాళ్ళు అనుకుంటే గోడ నుంచి లాగేది సుమారు 310. మానిటర్ కలిపినా 340 దగ్గర ఆగుతుంది. దుకాణం జాబితాలో కార్డు ఒక్కటే 245 వాట్లు. ప్రాసెసర్‌కు అటూ ఇటూగా 80, మిగతావాటికి అదే 60 కలిపితే 385, గోడ దగ్గర 450 దాటుతుంది. అంటే ఆట మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ ఆదుకోదు, ఓవర్‌లోడ్ అని కూత పెట్టి అదే ఆగిపోతుంది. కొత్త యూపీఎస్ కొంటే ఆ మూడున్నర వేల ఆదా కాస్తా అందులోనే పోతుంది. పైగా మే నెలలో 44, 45 డిగ్రీలు తాకే ఊళ్ళో, ఏసీ లేని గదిలో, అదనంగా వచ్చే ఆ 140 వాట్ల వేడి మంచం పక్కనే ఉంటుంది.

దాంతో నా జాబితా నెగ్గింది, కానీ ఉన్నది ఉన్నట్టుగా కాదు. నేను ముందు వైపు అద్దం బిగించిన కేబినెట్ రాశాను, చూడటానికి బాగుంటుందని. దుకాణదారు దాన్ని కొట్టేసి, ముందు జాలీ ఉన్నది వేయండి, ఖమ్మం వేడికి గాలి ఆడాలి అన్నారు. ఆయన మాటే సరైనది. ర్యామ్ ఒక్కటే 16 జీబీది తీసుకుని మిగిలిన డబ్బుతో కార్డు పెంచుదామని మా వాడు చివరి ప్రయత్నం చేశాడు. ఒక్క ర్యామ్‌తో బ్యాండ్‌విడ్త్, అంటే సమాచారం పారే వేగం, సగానికి పడిపోతుందని నేను ఒప్పుకోలేదు. ఎస్ఎంపీఎస్ మాత్రం రేపు పెద్ద కార్డు పెట్టుకున్నా మార్చనక్కర లేకుండా 550కి బదులు 750 వాట్లది తీసుకున్నాము. దానితో బిల్లు పరిమితిని పన్నెండు వందలు దాటింది. అది మామయ్య ఖాతాలో పడింది.

ఇంటికి తెచ్చి కూర్చి మీట నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, తెర మాత్రం నల్లగానే ఉంది. ఏఎమ్5 బోర్డులు మొదటిసారి డీడీఆర్5 ర్యామ్‌ను సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయని నాకు తెలుసు, అయినా గుండె దడదడలాడింది. అక్క తలుపు దగ్గర నిలబడి, "పోయిందా?" అని రెండుసార్లు అడిగింది. తెర వెలిగాక చూస్తే ర్యామ్ 4800 వేగం దగ్గర నడుస్తోంది; బయోస్‌లో ఎక్స్‌పో అనే అమరిక పెడితే మేము డబ్బు కట్టిన 6000కు వచ్చింది. అన్నీ చూశాననుకుని నేను హైదరాబాద్ వచ్చేశాను.

మూడో రోజు మా వాడు ఫోన్ చేశాడు. వేగం పాత కంప్యూటర్ లాగానే ఉంది మామయ్యా, పెద్ద కార్డే కొనవలసిందేమో అని. విండోస్‌లో డిస్‌ప్లే సెట్టింగులు తెరిచి రిఫ్రెష్ రేటు ఎంత ఉందో చదవమన్నాను. 60 హెర్ట్జ్ అని ఉంది.