పాథాలజీ ఫొటో చూడగానే జబ్బు పేరు చెప్పేయకండి

వెటర్నరీ పీజీ ఎంట్రన్స్‌కో, వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ పోస్టుకో చదువుతున్నవాళ్లు లీజన్ (జబ్బు వల్ల అవయవంలో వచ్చిన మార్పు) చూడగానే పేరు కోసం తడుముకుంటారు. నట్‌మెగ్ లివర్, బటన్ అల్సర్, జీబ్రా స్ట్రైప్స్ లాంటి ముద్దుపేర్లు ఎంసీక్యూలకి పనికొస్తాయి, కాదనను. ఫొటో కాస్త మారిందా, చేతులెత్తేస్తాం. ముందు కనబడింది చెప్పాలి: ఎక్కడుంది, ఒక్కచోటేనా అంతటా పాకిందా, రంగు, సైజు, నొక్కితే ఎలా ఉంది, కోస్తే లోపలేముంది. పేరు ఆఖర్న.

ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో థియరీ చదివాను గానీ, అసలు చూపు అలవాటైంది అక్కయ్యపాలెంలో ఓ మటన్ కొట్టు దగ్గరే. పక్కన పడేసిన గొర్రె కార్జం అడిగితే, "పురుగు కార్జం డాక్టరమ్మా, కూరకి పనికిరాదు" అన్నాడాయన. నాక్కావలసిందీ అదే! ఎడమ లోబు (భాగం) మీద బైల్ డక్టులు (పిత్తనాళాలు) తెల్లగా, మందంగా ఉబ్బి ఉన్నాయి. కోసి నొక్కితే గోధుమరంగు జిగురుతో పాటు ఆకు ఆకారంలో ఫ్లూకులు (కార్జం పురుగులు) జారాయి. ఇంత రాశాక "క్రానిక్ కొలాంజైటిస్, ఫాసియోలా" (ఫాసియోలా అనే ఫ్లూకు వల్ల పిత్తనాళాలకి వచ్చిన దీర్ఘకాలపు వాపు) అనడానికి ఆలోచించక్కర్లేదు. ఆవు కార్జంలో అయితే ఆ డక్టు గోడల్లో కాల్షియం పేరుకుని కత్తికి గరగరమని తగులుతుంది. ఈ తేడా మీద బిట్టు పడొచ్చు, గుర్తుంచుకోండి.

చచ్చాక వచ్చే మార్పుల్ని లీజన్లుగా రాయకండి. మన వైజాగ్ ఉక్కలో శవం తొందరగా పాడవుతుంది. పేగు ఆనుకున్నచోట కార్జం ఆకుపచ్చ నలుపుకి తిరిగితే అది సూడోమెలనోసిస్, జబ్బు కాదు. గుండెలో గడ్డ నిగనిగలాడుతూ, సాగుతూ, సులువుగా ఊడొస్తే అది చచ్చాక కట్టిన క్లాట్. పొడిగా, గోడకి అతుక్కుని ఉంటే త్రాంబస్, అంటే బతికుండగానే కట్టిన గడ్డ. మైక్రోస్కోప్ కింద నెత్తురు కణాలు నాళం లోపలే నిండిపోయి ఉంటే కంజెషన్ (నెత్తురు నిలవ), బయట పడితే హెమరేజ్ (రక్తస్రావం).

ఫొటో మీరొక్కరే చూసి, ఫ్రెండ్‌కి ఫోన్లో వర్ణించండి. అవతలివాళ్లు చూడకుండా జబ్బు చెప్పగలిగితే మీ వర్ణన సరిపోయినట్టే.

ప్రాక్టీసు మోజులో ఒక్కటి మరిచిపోవద్దు. పాడేరు ఏజెన్సీ వైపు ఆంత్రాక్స్ కొత్తేమీ కాదు. పశువు ఉన్నట్టుండి చచ్చి, ముక్కులోంచి గడ్డకట్టని నల్లటి నెత్తురు కారుతుంటే కోయకండి. గాలి తగిలితే ఆ బ్యాక్టీరియా స్పోర్లు (విత్తుల్లాంటి గట్టి రూపం) కడుతుంది. చెవి సిర నుంచి నెత్తురు స్మియర్ (గాజుపలక మీద పల్చటి పూత) తీసి, పాలీక్రోమ్ మిథిలీన్ బ్లూ రంగు వేసి చూడండి.