పసుపు అట్టల దారిలో జార్జియా పన్ను లెక్క

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో అట్లాంటా ఎయిర్‌పోర్టు నుంచి దక్షిణంగా ఫయెట్‌విల్ వైపు వెళ్తుంటే స్తంభాలకు కట్టిన పసుపు అట్టలు కనబడతాయి. ఒక్కోదాని మీద పొంతన లేని మాట, కింద బాణం, దాని కింద అదే మాట తలకిందులుగా. షూటింగ్‌కి పెట్టుకున్న మారుపేరది. అట్టను తిప్పి కడితే బాణం రెండో వైపు చూపిస్తుంది, మాట అప్పుడూ చదవొచ్చు. దారి యూనిట్ వాళ్లకే తెలియాలి, అభిమానులకు కాదు.

ఇంత సందడికీ మూలం 2008లో పెంచిన పన్ను క్రెడిట్, అంటే కట్టాల్సిన పన్నులోంచి ఆ మేర తగ్గించుకునే హక్కు. మన ఒకప్పటి వినోదపు పన్ను మినహాయింపు టికెట్టు మీద. ఇది నిర్మాణ ఖర్చు మీద. రాష్ట్రంలో కనీసం 5 లక్షల డాలర్లు ఖర్చు పెడితే 20 శాతం, జార్జియా పీచ్ పండు లోగో వేసి ప్రచారం చేస్తే మరో 10 శాతం. కోటి డాలర్లకు 30 లక్షలన్నమాట. కాలిఫోర్నియా నిర్మాతకు ఇక్కడ కట్టాల్సిన పన్ను పెద్దగా ఉండదు కాబట్టి, ఆ క్రెడిట్‌ను పన్ను బాకీ ఉన్న ఏ కంపెనీకో అమ్ముకుంటాడు. డాలరుకు 90 సెంట్లు పలికిందనుకుందాం: నిర్మాతకు 27 లక్షలు, కొన్నవాడికి 3 లక్షల మిగులు, ఖజానాకు మాత్రం మొత్తం 30 లక్షల గండి. పైగా ఏడాదికి ఇంతేనన్న పరిమితి లేదు.

ఫయెట్‌విల్‌లో ట్రిలిత్ స్టూడియోస్ ఉంది. 2014లో పైన్‌వుడ్ పేరుతో తెరిచారు. రోడ్డు మీంచి చూస్తే కిటికీల్లేని గోడౌన్లే. సెట్లు వేసే వడ్రంగి, లైట్‌మన్, భోజనాల వాళ్లు చాలామంది ఇక్కడివాళ్లే. వాళ్ల జీతం ఇక్కడే తిరుగుతుంది. చిక్కంతా పెద్ద పారితోషికాలతోనే. నటుడికి జీతంగా ఇస్తే మనిషికి 5 లక్షల డాలర్ల వరకే క్రెడిట్‌కి లెక్క. అదే సొమ్ము అతని సొంత కంపెనీ పేర చెల్లిస్తే ఆ హద్దు లేదు. కొంత పన్ను ముందే పట్టుకుంటారు, అంతే. లాస్ ఏంజెలెస్‌కు ఎగిరిపోయే డబ్బుకీ జార్జియా 30 శాతం తిరిగి ఇస్తోంది!

అట్లాంటాకు తూర్పున, ఐ-20 హైవే మీద కోవింగ్టన్ అనే ఊరు. నడిబొడ్డున 1884 నాటి కోర్టు భవనం, దాని గడియారం ముందు ఇక్కడ తీసిన సీరియల్ అభిమానుల ఫొటోలు, పక్కనే టూర్ టికెట్లు. ఇలాంటి ఊరికి మేలు జరిగిందనడంలో అనుమానం లేదు. కానీ టూరిస్టు కాఫీ మీద వచ్చే అమ్మకపు పన్ను కోట్ల డాలర్ల గండిని పూడ్చదు. దాదాపు 270 కోట్ల డాలర్ల షూటింగ్ ఖర్చును 3.57తో హెచ్చవేసి 950 కోట్ల ప్రభావమని రాష్ట్రం చాటుకుంది. ఆ గుణకం అతిశయమని 2020 జనవరిలో రాష్ట్ర ఆడిటర్లే తేల్చారు. ఆ ఏడాదే చట్టం మార్చి క్రెడిట్ ఇచ్చే ముందు ఆడిట్‌ను దశలవారీగా అన్ని నిర్మాణాలకూ తప్పనిసరి చేశారు. అదొక్కటీ మంచిపని.

శాతం తగ్గించకపోయినా 2022లో 440 కోట్ల డాలర్లున్న షూటింగ్ ఖర్చు 2024 నాటికి 260 కోట్లకు దిగింది: 2023లో హాలీవుడ్ రచయితల, నటుల సమ్మెలు ఒక కారణం, బ్రిటన్ పోటీ ఇంకోటి. 42 శాతం దాకా ఇచ్చిన మిషిగన్ రాష్ట్రం 2015లోనే చేతులెత్తేసింది. జార్జియా మానేయనక్కర్లేదు గానీ, స్థానికుల జీతాలకు 30 శాతం ఉంచి, సొంత కంపెనీల దారి మూసి, ఏడాదికో పరిమితి పెట్టాలి.