ఉప్పు లేని సముద్రం

పోయిన వేసవిలో అమ్మ అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో ఉంటున్న మా దగ్గరికి వచ్చినప్పుడు గ్రాండ్ హేవెన్ బీచ్‌కి తీసుకెళ్లాం. కారు దిగి ఎదురుగా నీళ్లు చూడగానే "సముద్రానికని ముందే చెప్పొచ్చు కదే" అంది.

"సముద్రం కాదు అమ్మమ్మా, లేక్ మిషిగన్" అంది మా తొమ్మిదేళ్ల పాప.

అమ్మ నమ్మలేదు. అలలు వచ్చి పడుతున్నాయి, అవతలి ఒడ్డు కనిపించడం లేదు. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నాలుగడుగులు లోపలికి వెళ్లి, వేళ్లు తడుపుకుని నాలిక్కి రాసుకుంది. "చప్పగా ఉన్నాయే!"

లేక్‌ని తెలుగులో ఏమంటారని పాప అడిగింది. సరస్సు అన్నాను గానీ, ఆ మాట మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు. మాకు తెలిసింది చెరువు, కుంట, ఆ పైన కొల్లేరు. మాది కైకలూరు వైపు. 281 మీటర్ల లోతు, అవతల ఇంకో రాష్ట్రం ఉన్నదాన్ని చెరువు అంటే నాకే నవ్వొచ్చింది. గ్రేట్ లేక్స్ అనే ఇలాంటివి ఇక్కడ ఐదు. అన్నీ కలిపితే దాదాపు 2,44,000 చదరపు కిలోమీటర్లు, మన రెండు తెలుగు రాష్ట్రాల కంటే కాస్త తక్కువ, అంతే. వాటిలో అన్నిటికంటే పెద్దదైన సుపీరియర్‌ని ఇక్కడి ఆదివాసులైన ఒజిబ్వే ప్రజలు గిచిగామి అంటారు, అంటే మహా సముద్రమని. మరి అమ్మ అన్నదాంట్లో తప్పేముంది?

ఇంటికొచ్చాక పాప అమ్మ కుడి అరచెయ్యి లాక్కుంది. మిషిగన్ వాళ్లు ఊరెక్కడంటే అరచెయ్యే చూపిస్తారు, రాష్ట్రం కింది భాగం అచ్చం ఆ ఆకారంలోనే ఉంటుంది. "చిటికెన వేలి వైపు మిషిగన్, బొటనవేలి వైపు హ్యూరాన్, వేళ్లకి బాగా పైన సుపీరియర్." గోరింటాకు పెట్టించుకుంటున్నట్టు అమ్మ కదలకుండా కూర్చుంది. పాప సగం ఇంగ్లీషులో చెబుతోంది, అమ్మ మిగతా సగం ఊహించుకుంటోంది. ఆదివారం తెలుగు క్లాసులో కూడా ఇంత సేపు తెలుగు మాట్లాడదు.

నిజానికి ఇవి మన గొలుసుకట్టు చెరువుల లాంటివే. సుపీరియర్ నీళ్లు హ్యూరాన్‌లోకి దిగుతాయి. మిషిగన్, హ్యూరాన్ మకినా జలసంధి దగ్గర కలిసి ఒకే మట్టంలో ఉంటాయి, కాబట్టి నీటి లెక్కలో రెండూ ఒక్కటే. అక్కడి నుంచి మా డెట్రాయిట్ మీదుగా ఈరీకి, ఈరీ నుంచి ఆంటారియోకి. ఈ ఆఖరి రెండింటి మధ్య నేల దాదాపు 100 మీటర్లు దిగుతుంది. అందులో సగం ఒక్క నయాగరా దగ్గరే దూకేస్తుంది. మేం మూడుసార్లు వెళ్లి ఫొటోలు దిగాం, అది రెండు సరస్సుల మధ్య మెట్టు అని మాత్రం బడిలో పాపకి ఈ సరస్సుల మీద ప్రాజెక్ట్ ఇచ్చేదాకా నాకు తట్టలేదు.

"చివరికి ఎటు పోతాయే ఈ నీళ్లన్నీ?" అంది అమ్మ.

"సెయింట్ లారెన్స్ రివర్. తర్వాత అట్లాంటిక్."

"అయితే అది దీని ఉప్పుటేరు."

బుడమేరు, తమ్మిలేరు కొల్లేట్లోకి వస్తాయని, అందులోంచి ఉప్పుటేరు ఒక్కటే సముద్రానికి పోతుందని, ఎండాకాలం ఉప్పునీళ్లు దాని వెంట వెనక్కి ఎగదన్నుతాయని అమ్మ అరగంట చెప్పింది. నాకు ఎప్పుడూ ఇంత వివరంగా చెప్పలేదు, నేను అడిగిందీ లేదు.

పాప బడికి పట్టుకెళ్లిన చార్ట్‌లో సెయింట్ లారెన్స్ పక్కన ఆకుపచ్చ పెన్నుతో తెలుగులో "ఉపుటేరు" అని ఉంది. ఫొటో తీసి పంపితే అమ్మ వెంటనే ఫోన్ చేసింది, పకి వత్తేదని.