జలుబుకి కూడా యాంటీబయాటిక్కేనా?

నాన్న పాత మందుల చీటీలన్నీ ఇవాళ ముందేసుకుని కూర్చున్నాను. జలుబు, దగ్గు, గొంతునొప్పి, దేనికి వెళ్లినా అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది, దాని కిందే కడుపులో యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్. మామూలు జలుబు వైరస్ వల్ల వస్తుంది, యాంటీబయాటిక్ దాన్నేమీ చేయలేదు. పైగా అజిత్రోమైసిన్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 'వాచ్' వర్గంలో పెట్టింది, అంటే ఆచితూచి వాడాల్సిన మందు. చాలీచాలని మోతాదులో వాడితే సూక్ష్మజీవులు మొండికేస్తాయని పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లోనే, నోబెల్ ప్రసంగంలో హెచ్చరించాడు.

డాక్టర్ గారి మీద కోపం లేదు. బయట అంతమంది ఎదురుచూస్తుంటే "దానంతటదే తగ్గుతుంది" అని నచ్చజెప్పడం కన్నా రాసివ్వడం తేలిక. మందు రాయకపోతే ఊరుకోని పేషెంట్లూ ఉంటారు. అయినా బాధగా ఉంది. ఏ చీటీలోనూ మందు ఎందుకో లేదు, ఎప్పుడు ఆపాలో అసలే లేదు. పాంటోప్రజోల్ అలా సాగుతూనే ఉంది. ఏళ్ల తరబడి వాడితే బి12, మెగ్నీషియం తగ్గిపోవచ్చు, ఆ మాట మాకెవరూ చెప్పలేదు.

ఈసారి నాన్న ఎంత మొహమాటపడినా నేనే అడుగుతాను: "ఇది దేనికండీ? వేసుకోకపోతే ఏమవుతుంది? ఎన్నాళ్లు వాడాలి?"