రెండో మనిషిని ఎందుకు దించేశారు?

2018 మార్చి 18 రాత్రి అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని టెంపీ ఊళ్లో ఉబర్ టెస్ట్ చేస్తున్న సెల్ఫ్ డ్రైవింగ్ కారు ఒకావిడను గుద్ది చంపేసింది. ఆమె సైకిల్‌ని నడిపించుకుంటూ రోడ్డు దాటుతోంది. కారు తప్పు చేస్తే పట్టుకోవడానికి స్టీరింగ్ ముందు కూర్చోబెట్టిన ఆపరేటర్ ఫోన్‌లో టీవీ షో పెట్టుకున్నారని బయటపడగానే తప్పెవరిదో అందరం తేల్చేశాం, నేనూ అంతే.

2019లో వచ్చిన ఎన్‌టీఎస్‌బీ (రవాణా ప్రమాదాల్ని విచారించే అమెరికా ప్రభుత్వ సంస్థ) దర్యాప్తు నివేదిక చదివాక మాత్రం అంత తేలిగ్గా అనలేకపోతున్నాను. నివేదిక ఆపరేటర్‌ని వదల్లేదు, ముఖ్య కారణం ఆ పరధ్యానమే అంది. కానీ మిగతాది చూడండి. గుద్దడానికి 5.6 సెకన్ల ముందే కారు ఆమెను పసిగట్టింది, అయితే వాహనమా, సైకిలా, ఇంకేదైనానా అని పూటకో మాటలా మార్చుకుంటూ, మార్చిన ప్రతిసారీ ఆమె అప్పటిదాకా ఎటు కదిలిందో ఆ లెక్కంతా చెరిపేసుకుని మళ్లీ మొదటికొచ్చింది. క్రాసింగ్ లేని చోట మనిషి రోడ్డు దాటొచ్చన్న సంగతే ఆ సాఫ్ట్‌వేర్‌కి నేర్పలేదు! ప్రమాదం తప్పదని దానికి తెలిసేసరికి 1.2 సెకన్లే మిగిలాయి, అందులోనూ బ్రేకు వేసే ముందు ఒక సెకను ఆగి చూడమని ముందే రాసిపెట్టారు, ఉత్తుత్తి హెచ్చరికలకి బ్రేకులు పడకూడదని. ఆ కారు వోల్వోది, దాంతోపాటే వచ్చిన ఎమర్జెన్సీ బ్రేకింగ్‌ని కూడా సెల్ఫ్ డ్రైవింగ్ మోడ్‌లో ఆపేశారు.

ఇన్ని తీసేశాక మిగిలింది ఒక జత కళ్లు. అంతకుముందు కార్లో ఇద్దరుండేవాళ్లు, 2017 చివర్లో ఒకరిని తగ్గించారు. నాకు కోపమొచ్చేది ఇక్కడే.

నేను మూడేళ్లు నైట్ షిఫ్టులో సర్వర్లు చూసుకునే పని చేశాను. ఏమీ జరగని స్క్రీన్‌ని గంటలకొద్దీ చూస్తుంటే కళ్లు తెరిచే ఉంటాయి, బుర్ర మాత్రం ఎటో పోతుంది. నన్ను కాపాడింది నా క్రమశిక్షణ కాదు, "ఏంటి బ్రో, నిద్రొస్తోందా, టీకెళ్దామా" అని అడిగే పక్క సీటు మనిషి. ఇది కొత్త సంగతేం కాదు, రాడార్ ఆపరేటర్ల కోసం నార్మన్ మాక్‌వర్త్ చేసిన ప్రయోగాలు 1948లోనే అచ్చయ్యాయి: అరగంట దాటితే మనిషి చూపు జారడం మొదలవుతుంది. కారు బాగా నడిచేకొద్దీ నమ్మకం పెరిగి ఇంకా జారుతుంది.

కంపెనీ మీద క్రిమినల్ కేసు లేదు. ఆపరేటర్ 2023లో నేరం ఒప్పుకున్నారు, జైలు కాకుండా మూడేళ్ల ప్రొబేషన్ (అధికారుల నిఘాలో బయటే ఉండడం) పడింది. ప్రమాదం జరిగిన ఏడాదే డిసెంబరులో ఉబర్ పిట్స్‌బర్గ్ రోడ్ల మీద టెస్టింగ్ మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి కార్లో ఇద్దరిని కూర్చోబెట్టారు, వోల్వో బ్రేకింగ్‌ని కూడా ఆన్‌లోనే ఉంచారు.